అది మూడే, కానీ ఆ మూడు కాదు

రాత్రి పదకొండు నుంచి రెండింటి దాకా ఒక్క నిల్ కోసం కూర్చున్నా. నిల్ అంటే ప్రోగ్రాంలో 'ఇక్కడ ఏమీ లేదు' అని.

సెలవుల్లో కాలక్షేపానికి లువా అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక చిన్న గేమ్ రాస్తున్నాలెండి, గేమ్‌లు చేసుకునే లవ్ టూడీ అనే ఫ్రేమ్‌వర్క్ మీద. కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డలు కొని ఇంకో ఊళ్లో అమ్ముకోవడమే ఆట. లెక్కలన్నీ టేబుళ్లలో ఉంటాయి, అంటే ఒక కీ (పేరు) చెబితే దాని కింద దాచింది ఇచ్చే పట్టికల్లో. ఊరి టేబుల్లో సరుకు, సరుకు టేబుల్లో రోజు, రోజు టేబుల్లో ధర. మూడో రోజు ధర అడగ్గానే గేమ్ ఆగిపోయింది. ఎర్రర్లో పేరు కూడా లేదు, ఫీల్డ్ అని రాసి పక్కన ఒక ప్రశ్నార్థకం, నిల్ అని అంతే.

లువా దగ్గర నాకు నచ్చనిది ఇదే. లేని కీ అడిగితే కిక్కురుమనకుండా నిల్ చేతిలో పెడుతుంది, ఆ నిల్‌లోంచి ఇంకోటి తీయబోతే అప్పుడు అరుస్తుంది. నేనేమో ధర దగ్గరే గంటసేపు వెతికా, పోయింది దాని పై మెట్టులో ఉన్న రోజు.

సరే అని ఒక్కో మెట్టూ ప్రింట్ చేశా. ఊరు ఉంది, ఉల్లి ఉంది, మూడో రోజు నిల్. టేబుల్లో ఉన్నవన్నీ ఒక్కోటిగా ఇచ్చే పెయిర్స్‌తో కీలన్నీ తీసి చూస్తే వరస తప్పి వచ్చాయి గానీ 3 మాత్రం కళ్లెదురుగానే ఉంది!

పొద్దున ఉగ్గాని బజ్జీ తింటూ ఫ్రెండుకి చెబితే, "టైప్ చూసినావా రా?" అన్నాడు. చూస్తే ఆ 3 స్ట్రింగ్, అంటే అంకె కాదు, కోట్స్‌లో రాసిన అక్షరం. ధరల ఫైలు జేసన్ అనే ఫార్మాట్‌లో ఉంది, అందులో కీ ఏదైనా కోట్స్‌లోనే ఉండాలి కదా. స్ట్రింగ్ 3కి ఒకటి కూడితే లువా 4 అనే చెబుతుంది, అందుకే నాకు అనుమానం రాలేదు, కానీ టేబుల్లో వెతికేటప్పుడు మాత్రం ఆ మూడు వేరు, ఈ మూడు వేరు.

ఇప్పుడు ఫైలు చదవగానే కీలను టునంబర్‌తో అంకెలుగా మార్చి కొత్త టేబుల్లో వేస్తున్నా (పెయిర్స్ తిరుగుతుండగా అదే టేబుల్లో కొత్త కీలు పెట్టకూడదు). వెతకడానికి కూడా ఒక ఫంక్షన్ రాసుకున్నా, టేబులూ కీల వరసా ఇస్తే ఒక్కో మెట్టూ దిగి, ఎక్కడ నిల్ తగిలితే ఆ కీ పేరు చెప్పి ఆగుతుంది. చాలామంది మధ్యలో యాండ్, యాండ్ అని పేర్చి చివర ఆర్ సున్నా పెడతారు, అంటే దారిలో ఏది లేకపోయినా సున్నా ఇచ్చెయ్ అని, నేనూ పెట్టేవాణ్ణి. గేమ్ ఆగదు నిజమే, తప్పూ బయటపడదు.

ఫంక్షన్ పెట్టిన ఐదు నిమిషాలకే ఇంకోటి దొరికింది. ఆదోని టేబుల్లో ఉల్లికి ఒత్తు పోయి 'ఉలి' అయింది. ఇన్నాళ్లూ అక్కడ ఉల్లి ధర సున్నా ఎందుకా అనుకుంటున్నా.