చేపకు ముక్కుపుడక: చెక్క ఎర చేసుకున్న నా అనుభవం

నిన్న సాయంత్రం, గాలానికి ఎరగా నేను చెక్కుకున్న చెక్క చేప నీళ్లలోంచి ముక్కలవకుండా తిరిగొచ్చింది. వీపు మీద రెండు పంటి గాట్లు కూడా తెచ్చుకుంది. రెండు నెలల్లో ఏడు ఎరలు చేసి ఆరింటిని తగలేశాక దక్కిన గాట్లు అవి. ఆ సంబరం చల్లారకముందే రాసేస్తున్నాను.

ఇలాంటి ఎర (ల్యూర్ అంటారు) కొనుక్కుంటే పోయేదానికి ఇంత తిప్పలెందుకని చాలామంది అడిగారు. కొన్నదానికి చేప పడితే గొప్ప కంపెనీది. మన చేత్తో చేసినదానికి పడితే మనది. ఈ తేడా తెలియనివాళ్లకి చెప్పి ప్రయోజనం లేదు.

మొదటి దెబ్బ చెక్క దగ్గరే తగిలింది, అదీ పెద్దాయన మాట విన్నందుకు. మేం గాలాలేసే చోటికి రోజూ ఒక బాబాయ్ వస్తాడు. చేపల విషయంలో అక్కడ ఆయన మాటకి తిరుగులేదు. "గట్టి చెక్క చూసుకో అబ్బాయ్. టేకు అయితే జన్మకి చాలు" అన్నాడు. పాత కుర్చీ కాలు ఒకటి పడి ఉంటే కోసి, చేతులు బొబ్బలెక్కేదాకా చెక్కి, సాండ్ పేపర్‌తో నున్నగా రుద్దాను. కొక్కేలు తగిలించి బకెట్లో వేస్తే పక్కకి ఒరిగి పడుకుంది. అడుగున బరువు లేక ఒరిగిందనుకుని పొట్టలో సీసం పెట్టాను. బుడుంగున మునిగింది.

అప్పుడు గానీ కాగితం మీద లెక్క వేసుకోలేదు. నా ఎర పది సెంటీమీటర్ల పొడవు, ఘనపరిమాణం సుమారు 14 ఘన సెంటీమీటర్లు. అంటే అన్నీ కలిపి 14 గ్రాములు దాటాయంటే మంచినీళ్లలో మునుగుతుంది. టేకు ఘన సెంటీమీటరుకు దాదాపు 0.65 గ్రాములు తూగుతుంది కాబట్టి చెక్కకే 9 గ్రాములు పోయాయి. కొక్కేలు, తీగ, పూత కలిపి ఇంకో నాలుగున్నర. సీసానికి మిగిలింది అర గ్రాము! దాంతో ఏ చెక్క చేపా నిటారుగా నిలబడదు. అదే బాల్సా అనే తేలిక చెక్క అయితే 0.15 దగ్గర ఉంటుంది. చెక్క రెండు గ్రాములే, సీసానికి ఏడు గ్రాముల దాకా చోటు. పైన తేలిక, అడుగున బరువు ఉంటేనే నీళ్లలో లాగినప్పుడు ఆ ఊపు వస్తుంది, వేటాడే చేప ఆ ఊపు చూసే మీద పడుతుంది. గట్టిదనం చూసి చెక్క ఎంచుకోవడం మంచాలకి పనికొస్తుంది, ఎరలకి కాదు.

1936లో ఫిన్లాండ్‌లో, ఎరల తయారీలో పేరు మోసిన లౌరీ రాపాలా తన మొదటి ఎరని కార్క్ బెండుతో చెక్కి, చాక్లెట్ల రేకు చుట్టి, ఫొటో నెగెటివ్‌లు కరిగించి పైన పూత వేశాడట. ఆయనకి టేకు సలహా ఇచ్చే బాబాయ్ లేనట్టున్నాడు.

బాల్సా చెక్కడం గురించి చెప్పడానికేమీ లేదు. కొత్త బ్లేడు ఉంటే గంట పని. లాగినప్పుడు ఎరని నీళ్లలోకి ముంచేది మూతి దగ్గర ఉండే చిన్న పలక. దానికి నేను మొదట యాక్రిలిక్ వాడితే రాయికి కొట్టుకుని పుటుక్కున విరిగింది. తర్వాత పాత సీడీ కోసి పెట్టాను. సీడీ అంటే పాలికార్బొనేట్ అనే గట్టి ప్లాస్టికే, మందం 1.2 మిల్లీమీటర్లు, అంత తేలిగ్గా విరగదు. వేణ్నీళ్లలో కాసేపు ఉంచి కోస్తే అంచులు పగలవు.

ఇక ఆ ఆదివారం సంగతి. తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

కొక్కేలు తగిలించడానికి నేను చిన్న స్క్రూ కళ్లు వాడాను, చివర గుండ్రటి కన్ను ఉండే మేకుల్లాంటివి. బాల్సాలోకి వేళ్లతోనే తిరిగాయి. ఎంత సులువో అని మురిసిపోయానే గానీ, అంత సులువుగా దిగినవి అంతే సులువుగా ఊడొస్తాయని తట్టలేదు. మూడోసారి విసరగానే రాడ్డు వంగింది. రీల్ కీచుమంది. నేను కేకలు పెట్టాను, అది నా ఖర్మ. ఒకడు వల పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు, ఇంకొకడు ఫోన్ తీశాడు, బాబాయ్ కూడా తన గాలం పక్కన పెట్టి లేచాడు. పది గజాల దూరంలో వెండిలా ఒక పక్క మెరిసింది. అంతలో లైన్ ఒక్కసారిగా వదులైపోయి, ఎర నీళ్లలోంచి ఎగిరొచ్చి సరిగ్గా బాబాయ్ కాళ్ల ముందు పడింది.

పొట్ట కింద కొక్కెం లేదు, స్క్రూ కూడా లేదు. అది ఉన్నచోట కంత, అందులోంచి తెల్లటి పీచు బయటికి వేలాడుతోంది. బాబాయ్ దాన్ని తీసి, కంతలో చిటికెన వేలు పెట్టి చూసి, నలుగురికీ వినబడేలా అన్నాడు: "చేపకి ముక్కుపుడక చేయించి పంపావురా అబ్బాయ్! పెళ్లికి మమ్మల్ని కూడా పిలు." నవ్వులు ఎంతసేపటికీ ఆగలేదు. వల తెచ్చినవాడైతే కూర్చుని మరీ నవ్వాడు. ఆ రోజు నుంచి నేను రాగానే "ముక్కుపుడక వచ్చాడు" అనేవాళ్లు. నాకు ఒక పేరుందన్న సంగతే మర్చిపోయారు.

వాళ్లు నవ్వినందుకు కాదు, ఆ రాత్రి నిద్ర పట్టనిది వేరే దానికి. మూడు మొనల కొక్కెం నోట్లో దిగబడి ఆ జీవి ఎక్కడో తిరుగుతోంది. చేప పట్టడం వేరు, దాన్ని అలా చేసి వదలడం వేరు. అప్పటి నుంచి కొక్కెం ఊడి రాకుండా పట్టే, మొన దగ్గరి వెనక్కి తిరిగిన ముళ్లని పట్టకారుతో నొక్కేసి వాడుతున్నాను.

విరుగుడు చాలా మామూలుది. పొట్ట కింద పొడుగునా గాడి కోసి, ముక్కు నుంచి తోక దాకా ఒకే స్టీలు తీగ పరిచి, ముందు, వెనక, మధ్యలో దాంతోనే కళ్లు మెలిపెట్టాలి. చేప లాగుడంతా తీగ మీదే పడుతుంది, చెక్క ఊరికే సవారీ చేస్తుంది. ఇనప కట్టుడు తీగతో ఒకటి చేస్తే వారానికే రంగు కింద నుంచి తుప్పు చార దిగింది. 0.8 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ తీగ తీసుకోండి, ఉప్పునీళ్లయితే 316 రకం అడగండి. నాది ఐదు లీటర్ల నీళ్ల డబ్బాని వేలాడదీసి ఒక రాత్రంతా ఉంచాను, వంగలేదు.

సీసం అదే గాడిలో పెట్టి మూసేయొచ్చు. కానీ దాన్ని పళ్లతో కొరికి నొక్కే అలవాటు కొందరికి ఉంది, అది విషం నాయనా. హంసలు మింగి చనిపోతున్నాయని బ్రిటన్‌లో 1987లోనే గాలాలకి కట్టే చిన్న సీసపు గుండ్లు అమ్మడం ఆపించారు. చేతులు కడుక్కోకుండా తినేవాళ్లకి ఇంకేం చెప్పాలి.

పూత దగ్గర మళ్లీ నెత్తి కొట్టుకున్నాను. నేను వాడింది ఎపాక్సీ, అంటే రెజిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే పూత. అది అమ్మినతను "హార్డెనర్ కాస్త ఎక్కువేస్తే తొందరగా ఆరిపోతుంది" అని భరోసా ఇచ్చాడు. వేశాను. మూడు రోజులైనా వేలు పెడితే వేలిముద్ర పడుతోంది. నాలుగో రోజు ఒక దోమ దానికి అతుక్కుని అక్కడే పోయింది. రెజిన్, హార్డెనర్ కొలత ప్రకారం ఒకదానితో ఒకటి కలిసిపోతేనే గట్టిపడుతుంది. ఎక్కువైన హార్డెనర్‌కి జత దొరక్క లోపల జిగటగానే ఉండిపోతుంది. అడిగితే "వాతావరణం సార్" అన్నాడు. అంతా గీకి పారేసి, డబ్బా మీద రాసినట్టు సమానంగా సిరంజితో కొలిచి మళ్లీ వేశాను. ఆరేదాకా తిప్పుతూ ఉండాలి, లేకపోతే జారి తోక దగ్గర బొట్టు కడుతుంది. అమ్మేవాడి నోరు కంటే డబ్బా మీద అక్షరాలు నమ్మండి.

ఇంకో ఎర డబ్బాలోనే పాడైంది. ఎరగా వాడే రబ్బరు పురుగుల బొమ్మల పక్కన పెడితే వాటిలోని నూనె లాంటి పదార్థం రంగుని కరిగించేసింది. వేరువేరుగా దాచుకోండి.

ఏడోది నిన్న మొదటిసారి వేశాను. కాస్త ఎడమకి పోతుంటే ముక్కు దగ్గర కన్నుని కుడివైపు రవ్వంత వంచాను, తిన్నగా వచ్చింది. చీకటి పడుతుండగా పట్టింది, ఒడ్డుకొచ్చింది, తీగ కదల్లేదు. ఈసారి నేను కేకలు పెట్టలేదు. వల తెచ్చినవాడే పెట్టాడు.

బాబాయ్ ఎరని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. పంటి గాట్ల మీద గోరుతో గీరాడు.

"ఏ చెక్కరా ఇది?"

"మీరు చెప్పిన టేకే బాబాయ్" అన్నాను.

"చెప్పానా!" అన్నాడు, వల పట్టుకున్నవాడి వైపు తిరిగి.