సముద్రం వైపు పొద్దు గుంకదు

నిన్న రాత్రి పడుకునే ముందు మా ఆర్టిస్టు ఇంకో పేజీ పంపాడు, ఇంకేముంది, ఈ ఆదివారం మొత్తం దానికే పోయింది. ఇద్దరం కలిసి చేస్తున్న చిన్న కామిక్ ఇది, కథ జాలారిపేట అనే మత్స్యకారుల పేటలో కుర్రాడిది, అతను హైదరాబాద్‌లో కూర్చుని గీస్తాడు, నేను ఇక్కడ వైజాగ్ ఎంవీపీ కాలనీలో కూర్చుని రంగులేస్తా. వారమంతా నాకు ఆఫీసు కాబట్టి రంగుల పని ఏదైనా సెలవు రోజుల్లోనే, పైగా హైదరాబాద్ కామిక్ కాన్, అదే కామిక్స్ అభిమానుల జాతర, దగ్గర పడిపోతోంది, ఆలోపు ప్రింటింగ్ అయిపోవాలి, అందుకని ఈ మధ్య ఇంట్లోవాళ్లకి నా మొహం కంటే వీపే ఎక్కువ కనిపిస్తోంది.

పేజీ తెరవగానే అర్థమైపోయింది ఫ్లాట్స్‌కే మధ్యాహ్నం అయిపోతుందని. ఫిషింగ్ హార్బర్ సీను. మనవాడికి ఉత్సాహం ఎక్కువైపోయి వెనకాల కనిపించే బోట్లన్నీ గీసేశాడు, తాళ్లు, జెండాలు, వలల గుట్టలు, ఐసు పెట్టెలు, చేపల గంపలు, గట్టు మీద పడుకున్న కుక్కలు కూడా. చూడ్డానికి అద్భుతం. రంగులేసేవాళ్లకే ఏడుపు. ఫ్లాట్స్ అంటే ఏంటో తెలియనివాళ్లకి చెప్తున్నా, నీడలూ వెలుగులూ ఏవీ లేకుండా ముందు ఒక్కో వస్తువులో ఒక్కో రంగు చదునుగా నింపుకుంటూ పోవడం. చొక్కా ఒక ముక్క, చెయ్యి ఒక ముక్క, తాడు ఒక ముక్క. ఆ టైములో ఏ రంగు వేశామన్నది పట్టింపే లేదు, మనిషి మొహం చిలకపచ్చగా ఉన్నా పర్లేదు, తర్వాత మేజిక్ వాండ్‌తో ఒక్కసారి నొక్కితే ఆ ముక్క మాత్రమే సెలెక్ట్ అవ్వాలి, అంతే. అందుకే యాంటీ అలియాసింగ్, అంటే అంచుల్ని నునుపుగా కనిపించేలా చేసే సదుపాయం, ఆఫ్ చేసుకుని వేస్తాం, లేదంటే అంచుల్లో సగం రంగు పిక్సెళ్లు మిగిలిపోయి తర్వాత రంగు మార్చినప్పుడల్లా చుట్టూ సన్నగా గీతలా వెక్కిరిస్తుంటాయి. ఆర్టిస్టు గీసిన గీతలు పైన మల్టిప్లై లేయర్‌లో ఉంటాయి, అంటే తెల్లటి చోట్లన్నీ గాజులా కింద రంగుని చూపిస్తాయి, దాని కింద మనం. పెద్ద పబ్లిషర్లకి పనిచేసే కలరిస్టులు చాలామంది ఈ పనికి పేజీకింత అని ఇచ్చి వేరేగా ఫ్లాటర్లని పెట్టుకుంటారు. నాకు అంత సీను లేదు, నా ఫ్లాటర్ని నేనే.

మధ్యలో అమ్మ వచ్చి వెనకాల నిలబడి కాసేపు చూసి, "ఏటే, ఇడ్లీ చల్లారిపోనాది, ఆ పడవలు ఎక్కడికీ ఎల్లిపోవులే, తినేసి రా" అంది. ఒక చేత్తో తింటూ రెండో చేత్తో కుక్కలు పూర్తి చేశా. అమ్మ చూడలేదు.

అసలు గొడవ పన్నెండింటికి మొదలైంది. పేజీతో పాటు అతను నోట్ పెట్టాడు, సాయంత్రం సీను, సముద్రం నీలం, వెనకాల ఆరెంజ్ సూర్యాస్తమయం, కుర్రాడు అటు చూస్తూ నిలబడ్డాడు అని. చదవగానే ఎక్కడో గుచ్చుకుంది. ఒకటి, మన సముద్రం నీలంగా ఉండేది ఎప్పుడు? ఎండ బాగా ఉన్నప్పుడు కైలాసగిరి మీద నించి చూస్తే ఉంటుంది, ఒప్పుకుంటా. కిందకి దిగి ఒడ్డున నిలబడి చూస్తే ఆకుపచ్చా బూడిదా కలిసిన రంగు, వానలు పడ్డాక ఒడ్డు దగ్గర మట్టి రంగు, మబ్బు పట్టిందంటే సీసం రంగు. సరే అది వదిలేద్దాం, కామిక్ కాబట్టి కొంచెం నీలం వేసినా ఎవరూ కేసు పెట్టరు. రెండోది మాత్రం వదల్లేను. మనది తూర్పు తీరం మహానుభావా! సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, సాయంత్రం ఊరి వెనక కొండల్లోకి పోతాడు. బీచ్ రోడ్డులో సాయంత్రం సముద్రం వైపు తిరిగి నిలబడితే పొద్దు మన వీపు వెనకాల గుంకుతుంది, ఎదురుగా ఆకాశం ఒక పక్క లేత గులాబీ ఒక పక్క బూడిద, నీళ్లు లేత ఊదా, ఆ వెలుగులో తళుకేమీ ఉండదు. నారింజ పండు లాంటి సూర్యుడు నీళ్లలో మునిగిపోవడం అరేబియా సముద్రం వైపు వ్యవహారం, గోవా వెళ్లొచ్చినవాళ్ల ఫోటోల్లో ఉంటుంది.

ఫోన్ చేశా. అతను హైదరాబాద్‌లోనే పుట్టి పెరిగినవాడు, ట్యాంక్‌బండ్ తప్ప నీళ్లు చూసి ఎరగడు (ఇది అతని మొహం మీదే అంటా, ఫీలవ్వడు). "అంత ఎవడు చూస్తాడు, పేజీలో ఆరెంజ్ ఉంటే టేబుల్ దగ్గర జనం ఆగుతారు" అన్నాడు. "వైజాగ్ వాళ్లందరూ చూస్తారు" అన్నా. "వైజాగ్ వాళ్లు ఎంతమంది కొంటారు" అన్నాడు. ఇక్కడ నాకు నిజంగా కోపం వచ్చింది, ఎందుకంటే అక్కడికీ అందులో పాయింటు ఉంది. కానీ ఆ కుర్రాడు జాలారిపేటలో పుట్టినవాడు, వాడికి సముద్రం ఏ వైపుందో తెలియనట్టు మనం రంగులేస్తే ఇంక ఆ ఊరి పేరు పెట్టడం ఎందుకు, ఏదో ఒక ఊరు అని రాసుకుంటే పోలా.

కాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు. భోజనాల దగ్గర నాన్నకి చెప్తే ఆయనకి గొడవ సంగతి వినపడలేదు, రంగు అన్న మాట ఒక్కటే పట్టుకుని "మా ఫాంటమ్‌కి ఊదా రంగు డ్రస్సు" అని మొదలుపెట్టారు. చిన్నప్పుడు అద్దె పుస్తకాల షాపులో ఇంద్రజాల్ కామిక్స్ తెచ్చుకుని చదివిన మనిషి, ఫాంటమ్ అంటే ఇప్పటికీ గొంతు మారిపోతుంది. నేను ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు, స్వీడన్‌లో ఫాంటమ్ నీలం, ఇటలీలో ఎరుపు అని చెప్పా. అసలు సృష్టికర్త లీ ఫాక్ మనసులో ఉన్నది బూడిద రంగు. 1936లో దినపత్రికల్లో నలుపు తెలుపులో మొదలైంది కాబట్టి ఎవరికీ ఇబ్బంది రాలేదు, 1939లో ఆదివారం రంగుల పేజీ మొదలైనప్పుడు ఊదా రంగేసి అచ్చేశారు, అదే ఖాయం అయిపోయింది. నాన్న అన్నం కలుపుతూ ఆగిపోయి "ఎరుపా? అడవిలో ఎరుపేంటి, దాక్కోవడం ఎలా?" అన్నారు. ఊదా రంగులో మాత్రం ఎలా దాక్కుంటాడో నేను అడగలేదు, పెద్దాయన.

హల్క్‌దీ అదే కథ. 1962లో మొదటి సంచికలో బూడిద రంగులో ఉంటాడు, అప్పటి ప్రింటింగ్‌లో ఆ బూడిద ఒకచోట ఒకలా ఇంకోచోట ఇంకోలా వచ్చేసరికి రెండో సంచికకి ఆకుపచ్చ చేసేశారు. ఇప్పుడు హల్క్ అంటే ఆకుపచ్చే, వేరే ఊహ కూడా రాదు. అప్పట్లో హల్క్‌ని అచ్చేసిన మార్వెల్ కంపెనీకి రంగులు చూసింది స్టాన్ గోల్డ్‌బర్గ్. ఆ రోజుల పుస్తకాల్లో రచయిత పేరు, ఆర్టిస్టు పేరు, ఆఖరికి బెలూన్లలో అక్షరాలు రాసినాయన పేరు కూడా ఉండేది కానీ రంగులేసిన మనిషి పేరు ఉండేది కాదు. ఆ రంగులేసేవాళ్లకి చేతిలో ఉన్నదేంటో చూస్తే ఇంకా మతి పోతుంది, పసుపు, ఎరుపు, నీలం, ఒక్కోటి 25 శాతం, 50 శాతం, లేదా నిండుగా, లేదా అసలు లేకుండా, అన్నీ కలిపి చూస్తే 64 రంగులు, అంతే. నా దగ్గర లక్షల రంగులున్నాయి, నేను ఒక్క సముద్రం దగ్గర ఆగిపోయా. అమెరికాలో కామిక్స్‌కి ఇచ్చే ఐస్నర్ అవార్డుల్లో కలరింగ్‌కి విడిగా బహుమతి ఇవ్వడం 1992 నించి, మొదటిది స్టీవ్ ఓలిఫ్‌కి. అకీరా అనే జపాన్ నలుపు తెలుపు కామిక్‌ని అక్కడ అచ్చేసినప్పుడు కంప్యూటర్‌తో రంగులేసినాయన ఆయనే.

మనవైపు ఈ బాధ వేరేలా ఉంది. చందమామ అట్టల మీద వ.పా. అని సంతకం చూసిన తరానికి గీతా రంగూ వేరు వేరు పనులని ఎవరైనా చెప్తే నవ్వుతారేమో. వడ్డాది పాపయ్య గారు మన శ్రీకాకుళం మనిషి, ఆయన బొమ్మలో ఇది గీత, ఇది రంగు అని విడదీసి చూపించమంటే నావల్ల కాదు. కామిక్‌లో రాయడం, గీయడం, రంగులు అని పని పంచుకుంటాం కాబట్టే రంగులేసే మూడోవాడు లోకువైపోతాడు. పోయినసారి కాన్‌లో ఆర్టిస్టుల వరసలో ఇద్దరం ఒకే టేబుల్ పంచుకున్నాం, వచ్చినవాళ్లంతా ప్రింటు చేతిలోకి తీసుకుని "మీరే గీశారా" అని నన్నడిగేవారు, లేదండీ అతను గీశాడు నేను రంగులు అంటే "ఓహో" అని అతని వైపు తిరిగిపోయేవారు. ఏదో ఇంజనీరింగ్ కుర్రాడు మాత్రం ఒక ప్రింటు పట్టుకుని చాలాసేపు నిలబడి "ఈ నీడ నలుపు కాదు కదండీ, నీలం కదా, ఎందుకు?" అని అడిగాడు. వాడికి సగం ధరకే ఇచ్చేశా. మా ఆర్టిస్టు ఇప్పటికీ దెప్పుతాడు.

హైదరాబాద్ కాన్ సంగతి వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. ఢిల్లీలో 2011లో మొదలైంది ఈ కామిక్ కాన్ ఇండియా, హైదరాబాద్‌కి 2013లో వచ్చింది. పేరులో కామిక్ ఉంది కానీ వచ్చే జనంలో ఎక్కువ మంది చూపు కాస్‌ప్లే మీద, అంటే పాత్రల వేషాలు కట్టుకుని రావడం మీద, యానిమే (జపాన్ కార్టూన్లు) టీ షర్టుల మీద, గేమింగ్ మీద. కొంతమంది మా వరసలోవాళ్లు దీనికి తెగ బాధపడతారు. నాకైతే బాధేం లేదు, కాస్‌ప్లే చూడ్డానికి వచ్చినవాళ్లే దారి తప్పి మా వైపు వస్తారు, వాళ్లలోనే కొనేవాళ్లూ ఉంటారు. మన వైజాగ్‌లో అలాంటిదొకటి పెడితే బావుణ్ణు అని ప్రతిసారీ అనుకుంటాం, బీచ్‌లో కాస్‌ప్లేకి ఉక్కపోతలో ఎవరు బతుకుతారన్నది వేరే విషయం.

సరే, పేజీ సంగతి. మూడింటికి మళ్లీ కూర్చున్నప్పుడు తట్టింది, బోట్లు హార్బర్‌కి వచ్చి చేపలు దిగేది ఎలాగూ తెల్లవారుజామున కదా, మరి ఈ సీను సాయంత్రం ఎందుకుండాలి? అప్పుడు సూర్యుడు సముద్రం వైపే ఉంటాడు, అతని ఆరెంజ్ అతనికి దొరుకుతుంది, నా ఊరు నాకు దొరుకుతుంది. ఒక్క గీత కూడా మార్చక్కర్లేదు. వెలుగు ఎదురుగా నీళ్ల మీంచి వస్తుంది కాబట్టి బోట్లన్నీ దాదాపు నల్లటి ఆకారాలైపోయాయి, పొద్దున్నించి విడివిడిగా నింపిన రంగులన్నీ ఆ చీకట్లో కలిసిపోయాయి, అంచుల వెంబడి మాత్రం సన్నటి బంగారు గీత. ఆ గీత ఎక్కడెక్కడ పడాలో తెలియాలంటే ఆ ఫ్లాట్సే కావాలి, లేకపోతే ఒక్కో తాడూ చేత్తో సెలెక్ట్ చేసుకుంటూ దీపావళి దాకా కూర్చోవాలి. కుర్రాడి వీపు మీద నీడ, చెవి తమ్మె ఒక్కటి మాత్రం వెలుగు అవతలనించి తగిలి ఎర్రగా. సముద్రంలో నీలం దాదాపు లేదు. అదీ మంచిదే అయింది, స్క్రీన్ మీద మెరిసిపోయే నీలం సీఎంవైకేలోకి, అంటే అచ్చు వేసే నాలుగు సిరాల్లోకి, మార్చగానే ఊదా వైపు జారిపోతుంది, ప్రింటింగ్ షాపులో కుర్రాడితో ఆ విషయం మీద ఎప్పుడూ యుద్ధమే. ఆరెంజ్ పరవాలేదు, పసుపు నిండుగా, మెజెంటా సగం వేస్తే నిలబడుతుంది.

పంపించా. చాలాసేపు జవాబు లేదు, తర్వాత "బావుంది. కానీ బెలూన్‌లో పొద్దుపోయింది ఇంటికి పద అని రాశాను" అని పెట్టాడు. తెల్లారిపోయింది ఇంటికి పద అని మార్చెయ్ అన్నా. ఒక్క మాట మారేసరికి కుర్రాడు రాత్రంతా హార్బర్‌లోనే ఉన్నట్టైంది, ఎందుకున్నాడు అని ఇప్పుడు ముందు పేజీలో చూపించాలి, అది అతని తలనొప్పి.

సాయంత్రం గాజువాక నించి పిన్ని కొడుకు దిగాడు, బండి మీద, ముందు పెట్రోల్ ట్యాంకు మీద హెల్మెట్ పెట్టుకుని. నడిపేటప్పుడు పెట్టుకునేది కాదు, కాస్‌ప్లేది. ఏదో యానిమే పాత్ర, పేరు చెప్పాడు, నాకు నోరు తిరగలేదు. ఈవీఏ ఫోమ్ షీట్లు కోసి, అతుకుల దగ్గర జిగురు రాసి, హీట్ గన్‌తో వంచి బాగానే చేశాడు, ఫోమ్‌కి వేడి చూపించకపోతే చిన్న చిన్న రంధ్రాలు మూసుకోవు, రంగు పీల్చేసుకుంటుంది. ఆ మీద ఫెవికాల్ పూతలు, పూత ఆరాక ఇంకో పూత. ఈ ఊరి తేమలో పూత ఆరడమంటే అదో తపస్సు. "అక్కా ప్లీజ్ అక్కా, పాతబడినట్టు చెయ్యి, యుద్ధాలు చేసొచ్చినట్టు ఉండాలి" అన్నాడు. నల్ల యాక్రిలిక్ నీళ్లలా పల్చగా కలిపి గాడుల్లోకి పోనిచ్చి పైపైన గుడ్డతో తుడిచేసి, ఆరాక అంచులకి మాత్రం పొడి బ్రష్‌తో వెండి రంగు తాకించా. మధ్యాహ్నం బోట్ల అంచులకి చేసింది మళ్లీ ఇక్కడ చేత్తో. ఇది ఎందుకో చాలా తొందరగా అయిపోయింది, తృప్తిగా కూడా ఉంది, వాడు సంతోషంతో అక్కడే పెట్టేసుకున్నాడు, వేళ్లకీ చెవులకీ వెండి అంటించుకున్నాడు.

కాన్‌కి వెళ్లే రైలు టికెట్ల దగ్గర అసలు సమస్య బయటపడింది. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో నాది కన్‌ఫర్మ్, వాడిది ఆర్ఏసీ. అంటే సైడ్ లోయర్‌లో ఇద్దరు సర్దుకుని కూర్చోవాలి, ఈ హెల్మెట్‌తో ముగ్గురు. ప్రింట్ల రోలు నా బెర్త్ మీద, భుజాల కవచం ఎక్కడ పెడతావురా అంటే సీటు కింద అన్నాడు, సీటు కింద ఎవరిదో ఆవకాయ జాడీ ఉంటుంది, నూనె కారిందంటే అయిపోయింది. అమ్మ అన్నీ వింటూ కూర్చుని ఆఖర్న తేల్చేసింది, "అది నెత్తి మీద పెట్టుకునే ఎక్కీరా బాబూ, పక్కోడు వేరే సీటు ఎతుక్కుంటాడు."