దసరా దావత్ తర్వాత 72 గంటలు: నా అనుభవం

పండుగ రాత్రి కండోమ్ చినిగింది. ఎవరు, ఎక్కడ అన్నది ఇక్కడ అక్కర్లేదు. ఆ తర్వాత ఏ పని ముందు చేయాలి, ఏది వెనక, ఎక్కడ ఆలస్యమవుతుంది అన్నదే రాస్తున్నా. దసరాకూ డిసెంబర్ 31కీ వరంగల్, హనుమకొండ, కాజీపేటలో దావత్‌లు ఎట్లుంటాయో మనకు తెలుసు. ఎవరికో ఒకరికి ఇది పనికొస్తుంది.

అన్నిటికన్నా ముందు గడియారం చూడాలి. హెచ్ఐవీ సోకకుండా ఆపే మందులున్నాయి, డాక్టర్లు పెప్ అంటారు. కలిసిన 72 గంటల్లోపు మొదటి గోలీ పడాలి, ఎంత తొందరగా పడితే అంత మేలు. వైరస్ మొదట సోకిన చోటి కణాల్లోనే ఉండి, రెండు మూడు రోజుల్లో గ్రంథులకూ రక్తానికీ పాకుతుంది. అది ఒళ్లంతా పాతుకున్నాక పెప్ వేసుకున్నా ఆగదు. చిక్కంతా సెలవులతోనే. దసరా, దాని మరునాడు, పక్కనే ఆదివారం వస్తే ఓపీ తెరిచేసరికి గడువు దాటుతుంది. డిసెంబర్ 25, 26 కూడా అంతే. అందుకే ఓపీ కోసం చూడకుండా పెద్ద దవాఖాన క్యాజువాలిటీకే పోవాలి.

అక్కడ మాట నానిస్తే పని కాదు. కండోమ్ చినిగింది, ఇన్ని గంటలైంది, పెప్ కావాలి అని నేరుగా చెప్పాలి. ఎదుటివారికి హెచ్ఐవీ ఉందో లేదో తెలుసా, కిడ్నీ జబ్బుందా, షుగర్‌కు ఏ గోలీ వాడుతున్నారు అని అడుగుతారు. ఎదుటివారు కూడా వచ్చి పరీక్ష చేయించుకుంటే డాక్టర్‌కు నిర్ణయం తేలికవుతుంది. ప్రభుత్వ కార్యక్రమంలో ఉచిత పెప్ ముఖ్యంగా సూది గుచ్చుకున్న దవాఖాన సిబ్బందికీ, అత్యాచార బాధితులకూ ఉద్దేశించింది. మిగతావారికి చీటీ రాస్తే బయట కొనుక్కోవాల్సి రావచ్చు. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ కలిసిన ఒకే గోలీ అది. 30 గోలీల డబ్బా వస్తుంది.

గర్భం రాకుండా ఆడవాళ్లు వేసుకోవాల్సిన గోలీ వేరు. లెవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాములు, ఒక్కటే, చీటీ లేకుండా మెడికల్ షాపులో ఇస్తారు. దాని గడువు కూడా 72 గంటలే. వేసుకున్న 2 గంటల్లో వాంతి అయితే ఇంకోటి వేసుకోవాలి. 72 గంటలు దాటినా 5 రోజుల్లోపు డాక్టర్ దగ్గర కాపర్-టీ వేయించుకోవచ్చు. ఇవేవీ సుఖవ్యాధులను ఆపవు.

ఓపీ తెరిచాక ఐసీటీసీకి, అంటే హెచ్ఐవీ సలహా, పరీక్షల ప్రభుత్వ కేంద్రానికి పోవాలి. వరంగల్ ఎంజీఎం దవాఖానలో ఉంది, ఖర్చు లేదు. లోపల కౌన్సెలర్ ముందు మాట్లాడి, "తమ్మీ, నీకు ఇష్టమైతేనే సంతకం పెట్టు" అంటారు. అది మర్యాద కోసం అనే మాట కాదు. 2017 హెచ్ఐవీ చట్టం ప్రకారం మన సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం ఇంకొకరికి చెప్పకూడదు. మొదటి కిట్‌లో తేడా కనిపిస్తే మరో రెండు వేర్వేరు కిట్లతో చూస్తారు. మూడూ పాజిటివ్ వస్తేనే పాజిటివ్. అదే రోజు హెపటైటిస్ బీ, సిఫిలిస్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షలు కూడా చేయించాలి. హెపటైటిస్ బీ ఉన్నవారు పెప్ గోలీలు ఉన్నట్టుండి ఆపితే కాలేయం దెబ్బతినవచ్చు కాబట్టి ముందే తెలియాలి.

ఆ రోజు వచ్చిన నెగెటివ్, పాత సంగతి మాత్రమే చెబుతుంది. మొన్నటి రాత్రి గురించి అందులో ఏమీ ఉండదు. ఆ కాగితం చూపించి ఇంకొకరికి ధైర్యం చెప్పడం అన్యాయం. పరీక్ష కోసమని రక్తదానానికి పోవడం అంతకన్నా ఘోరం. అప్పుడే సోకిన వైరస్ అక్కడి పరీక్షకు కూడా దొరకకపోవచ్చు.

పెప్ గోలీ 28 రోజులు, రోజూ ఒకే వేళకు. రాత్రి వేసుకుంటే కొందరికి నిద్ర పట్టదు, పొద్దున మేలు. మొదటి వారం వికారం, తలనొప్పి ఉంటాయి, తర్వాత తగ్గుతాయి. పండుగ తిండికి కడుపు మండి యాంటాసిడ్ తాగేవాళ్లు జాగ్రత్త. అందులోని అల్యూమినియం, మెగ్నీషియం డోలుటెగ్రావిర్‌ను పట్టుకుని ఒంట్లోకి పోనివ్వవు. గోలీ వేసుకున్న 2 గంటల తర్వాతే యాంటాసిడ్ తాగాలి. ముందే తాగితే 6 గంటలు ఆగాలి. మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు డాక్టర్‌కు చెప్పి మోతాదు సరిచేయించుకోవాలి. ఒక రోజు మరిస్తే గుర్తొచ్చినప్పుడు వేసుకోవాలి, మర్నాడు రెండు మింగొద్దు.

తిరిగి పరీక్ష 6 వారాలకు, 3 నెలలకు. 6 నెలలకూ రమ్మంటే పోవాలి. అవి పూర్తయ్యేదాకా ఎవరితోనైనా కండోమ్ తప్పదు, భార్యాభర్తలైనా సరే.

పెప్ హెచ్ఐవీకే. మిగతా సుఖవ్యాధుల్లో గనేరియా అయితే వారంలోపు మూత్రంలో మంట, చీము కనిపించవచ్చు. సిఫిలిస్ పుండు 10 నుంచి 90 రోజుల మధ్య ఎప్పుడైనా రావచ్చు, నొప్పి ఉండదు, దానంతటదే మానిపోతుంది. మానింది కదా అని వదిలేస్తే రోగం లోపల నడుస్తూనే ఉంటుంది. క్లమీడియాకు చాలామందిలో లక్షణమే ఉండదు. కౌంటర్‌లో అడిగి యాంటీబయాటిక్ మింగేకన్నా సుఖవ్యాధులకు చూసే ప్రభుత్వ సురక్ష క్లినిక్‌లో చూపించుకోవాలి, ఎదుటివారికీ మందు ఇప్పించాలి. లేకపోతే మళ్లీ అంటుతుంది.

కండోమ్ చినగడానికి కారణాలు దాదాపు ఎప్పుడూ ఇవే. బండి డిక్కీలోనో పర్సులోనో నెలల తరబడి ఉండి వేడికి రబ్బరు పెళుసెక్కుతుంది. కొబ్బరినూనె, వాజిలిన్ రాస్తే లేటెక్స్ కాసేపట్లోనే బలం కోల్పోతుంది. నీటి ఆధారిత జెల్ మాత్రమే వాడాలి. తాగిన తొందరలో పళ్లతో ప్యాకెట్ చింపితే గాటు పడుతుంది. కొనను నొక్కి గాలి తీయకుండా తొడిగితే ఒత్తిడికి పగులుతుంది. రెండు వేసుకుంటే ఒకదానికొకటి రాసుకుని చినుగుతాయి. ప్యాకెట్ వేళ్ల మధ్య నొక్కి చూస్తే లోపల గాలి బుడగ తెలియాలి. తెలియకపోతే పారేయాలి. గడువు తేదీ సరేసరి. ఐసీటీసీలో నిరోధ్ ఉచితంగా ఇస్తారు, అడగడానికి మొహమాటం వద్దు. ఊళ్లో ఎవరైనా చూస్తారని వెళ్లలేనివాళ్లు ముందు 1097 హెచ్ఐవీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు. ఆ కాల్‌కు డబ్బులు పడవు.

హెపటైటిస్ బీ లేదని తేలి, దాని టీకా సూదులు ఇదివరకు వేయించుకోకపోతే, మొదటిది వెంటనే, రెండోది నెలకు, మూడోది 6 నెలలకు వేయించుకోవాలి. మూడోది చాలామంది మరిచిపోతారు. మొదటి సూది వేసిన రోజే తేదీ ఫోన్‌లో పెట్టుకోవాలి.