మినిట్స్ చదివేదాకా కుర్చీలోంచి లేవొద్దు

మా పిన్ని కొడుకు మొన్న రాత్రి ఫోన్ చేశాడు. వాళ్ళ ఊరి పక్కన ఏదో కంపెనీ వస్తోందట, పేపర్లో ప్రజాభిప్రాయ సేకరణ ప్రకటన పడిందట. "అన్నయ్యా, నువ్వు ఇలాంటివాటికి కెమెరా పట్టుకుని వెళ్తుంటావు కదా, అక్కడ ఏం మాట్లాడాలో చెప్పు" అన్నాడు. ఏం మాట్లాడాలో నీకే బాగా తెలుసురా, మాట్లాడింది ఎక్కడికి పోతుందో తెలుసుకో అన్నాను. ఫోన్లో సగమే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

నా బతుకుదెరువు పెళ్ళి వీడియోలు. శ్రీకాకుళం జిల్లాలో ఆషాఢం, మూఢం వచ్చాయంటే మాకు పని ఉండదు. అలాంటి రోజుల్లో ఏది దొరికితే అది తీస్తాం, ఈ సభలు కూడా అలా తగిలినవే. నన్ను పిలిచే కాంట్రాక్టరు ఎప్పుడూ ఒకటే చెప్తాడు: "స్టేజీ పడాలి, మాట్లాడేవాళ్ళ మొహాలు పడాలి, అంతే." నేను తీసేది ఎవరికోసమో చాలాకాలం పట్టించుకోలేదు. తర్వాత ఎవరో ఇస్తే, ఈ సభలు ఎలా జరపాలో చెప్పే 2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర పర్యావరణ శాఖ నోటిఫికేషన్ చదివాను. సభ మొత్తాన్నీ వీడియో తీయించాలని అందులో స్పష్టంగా ఉంది. సభ కాగితాలతో పాటు ఆ వీడియో కాపీ కూడా కంపెనీకి పర్యావరణ అనుమతి ఇచ్చేవాళ్ళకి వెళ్ళాలి. అంటే నా మెమరీ కార్డు కూడా ప్రభుత్వ రికార్డే!

ఈ సభలు ఎలా ఉంటాయో చూడనివాళ్ళకి చెప్తాను. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, స్టేజీ ముందు బారికేడ్లు, వాటి ముందు పోలీసులు. పొద్దున్నే వ్యాన్లలో వచ్చినవాళ్ళు ముందు వరసలు నింపేస్తారు. వాళ్ళలో చాలామందిది ఆ ఊరు కాదని వాళ్ళు టిఫిన్ ఎక్కడ పెడుతున్నారని అడుగుతుంటేనే తెలిసిపోతుంది. భూములు పోయేవాళ్ళు పనులు ముగించుకుని వచ్చేసరికి చోటు వెనకే మిగులుతుంది. మొదటి గంట నాయకులది. పరిశ్రమలు రావాలి, యువతకి ఉద్యోగాలు కావాలి, కలెక్టరు గారికి ధన్యవాదాలు. నేను ఆ గంటలో బ్యాటరీ ఆదా చేసుకోవాలనుకుంటాను గానీ కుదరదు, మొత్తం తీయాలి కదా.

ఆ తర్వాత అసలు జనం వస్తారు. ఉద్దానంవైపు ఒక సభలో ఒక ముసలావిడ మైకు పట్టుకుని, "బాబూ, ఇక్కడ నీళ్ళు తాగితే కిడ్నీలు పోతన్నాయని మీ డాట్రులే సెప్తన్నారు. ఈ కంపెనీ బోరేసి ఎంత నీరు లాగుతాదో సెప్పండి, ఆ తరవాత ఉజ్జోగాల గురించి సెప్దురు గాని" అంది. జనం చప్పట్లు కొట్టారు. ఆమె కూర్చోలేదు. "సప్పట్లొద్దు, జవాబు కావాల" అంది. నేను తీసినవాటిల్లో అంత పనికొచ్చే మాట ఇంకోటి లేదు.

ఎందుకంటే ఆ సభ ఓటింగు కాదు. ఇది చాలామందికి తెలీదు. వెయ్యిమంది వద్దన్నా, పదిమంది కావాలన్నా అక్కడ లెక్కపెట్టి తేల్చేది ఏమీ ఉండదు. కనీసం ఇంతమంది రావాలన్న కోరం కూడా లేదు. "గో బ్యాక్" అని గంటసేపు అరిస్తే అది కాగితం మీద "కొందరు గ్రామస్తులు ప్రాజెక్టును వ్యతిరేకించారు" అన్న ఒక్క వాక్యం అవుతుంది. అదే ముసలావిడ అడిగినట్టు నీళ్ళ లెక్క అడిగితే దానికి కంపెనీ జవాబు రాసివ్వాలి, పర్యావరణం మీద తన ప్రభావం గురించి తయారుచేసిన రిపోర్టులో ఆ మేరకు మార్పులు చెయ్యాలి. కోపం ఉండటం తప్పని నేననను. కోపం తెచ్చే ప్రశ్నని కూడా రాయించమంటున్నాను.

రాయించడం అంటే ఏమిటో చెప్తాను. సభకి కలెక్టరు గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేటు హోదాకి తగ్గని ఆయన ప్రతినిధి గానీ అధ్యక్షత వహించాలి. కాలుష్య నియంత్రణ మండలి ప్రతినిధి జనం చెప్పిన అభిప్రాయాల సారాంశం రాసుకోవాలి. సభ చివర్లో దాన్ని అందరికీ చదివి, తెలుగులో వివరించాలి. ఒప్పుకున్న ఆ మినిట్స్ మీద అధ్యక్షుడు అదే రోజు సంతకం పెట్టాలి. ఇవన్నీ నోటిఫికేషన్‌లో ఉన్నవే. మామూలుగా జరిగేదేమిటంటే, మధ్యాహ్నం దాటేసరికి బస్సులు కదులుతాయి, భోజనం పొట్లాల దగ్గర తోపులాట మొదలవుతుంది, స్టేజీ మీద వందన సమర్పణ అయిపోతుంది. మినిట్స్ చదివేవేళకి నా ముందు ఖాళీ కుర్చీలే మిగులుతాయి. చదవని సభలూ ఉన్నాయి. ఒక సభలో నలుగురు ఆడవాళ్ళు మాత్రం కదలకుండా కూర్చుని, "ఏటి రాసుకున్నారో ఇనిపించండి బాబూ, ఇన్నాకే ఎల్తాం" అన్నారు. చదవక తప్పలేదు. చెరువు పేరు తప్పుగా రాశారు, దిద్దించారు. ఆ దిద్దడం కూడా నా వీడియోలో ఉంది.

సభకి ముందు చెయ్యాల్సింది ఇంకా ఎక్కువ. ప్రకటన వచ్చాక కనీసం ముప్పై రోజుల గడువు ఉండాలి. పర్యావరణ ప్రభావ అంచనా ముసాయిదా రిపోర్టు, దాని తెలుగు సారాంశం కలెక్టరాఫీసులో, జిల్లా పరిషత్తులో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, స్థానిక సంస్థల దగ్గర చూడటానికి ఉంచాలి. తెలుగు సారాంశం పల్చగా ఉంటుంది, అందులో అన్నీ చల్లగానే ఉంటాయి. అసలు సంగతంతా ఇంగ్లీషు లావు పుస్తకంలో ఉంటుంది. ఊళ్ళో డిగ్రీ చదివిన పిల్లల్ని పంపి, మొత్తం కాకపోయినా మూడు చోట్ల చూడమనండి: పది కిలోమీటర్ల పరిధి మ్యాపు, భూ వినియోగం పట్టిక, నీళ్ళు ఎక్కణ్ణుంచి తెస్తారన్న పేజీ. మీ చెరువు మ్యాపులో లేకపోతే, మీరు రెండు పంటలు పండించే నేలని బీడు అని రాస్తే, సభలో చెప్పాల్సిన మొదటి మాట అదే. సభకి వెళ్ళలేనివాళ్ళు రాతపూర్వకంగా పంపుకోవచ్చు. ఎవరు రాసినా ఒక కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకోవాలి.

ఈ "బీడు" అనే పదం మా జిల్లాలో ప్రాణాలు తీసింది. సోంపేట బీల సంగతి తెలియనివాళ్ళు ఉంటారని చెప్తున్నాను. ఆ తడినేలల్లో నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీకి బొగ్గు విద్యుత్ కేంద్రం కోసం 2008లో జీవో 1107తో భూమి కేటాయించారు. 2009 ఆగస్టులో గొల్లగండిలో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది, జనం వద్దన్నారు. ఆ ఏడాది డిసెంబరులో పర్యావరణ అనుమతి వచ్చేసింది. కాగితాల్లో అది పనికిరాని నేల. అక్కడ చేపలు పట్టుకునేవాళ్ళకీ, వరి వేసుకునేవాళ్ళకీ, గొడ్లు మేపుకునేవాళ్ళకీ అది అన్నం పెట్టే నేల. 2010 జులై 14న పోలీసు కాల్పులు జరిగాయి. నేనప్పుడు పలాసలో ఒక స్టూడియోలో లైట్లు పట్టుకునే కుర్రాణ్ణి. షట్టరు సగం దించి టీవీ ముందు నిలబడ్డాం. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ అనుమతిని కొట్టేసింది. కాల్పులు, తీర్పు ఒకే తేదీన. ఆ నేల గురించి ఊరివాళ్ళు మొదట్నుంచీ ఏం చెప్తున్నారో అథారిటీ చివరికి అదే తేల్చింది. ఆ మాట ఆ అనుమతి ఇచ్చే ముందే చెవిన పెట్టి ఉంటే? ఏడాది తిరక్కుండా 2011 ఫిబ్రవరిలో మా జిల్లాలోనే ఇంకో విద్యుత్ కేంద్రం విషయంలో కాకరాపల్లిలో మళ్ళీ కాల్పులు.

సోంపేటలో గెలిచింది ఉద్యమం ఒక్కటే కాదు. పర్యావరణ పరిరక్షణ సంఘం వాళ్ళు దీక్షా శిబిరంలో కూర్చుంటూనే కాగితాలు పోగుచేసి అప్పీలుకి వెళ్ళారు. ఊరేగింపు ఫొటోలు అందరి దగ్గరా ఉంటాయి, ఆ ఫైలు ఎవరూ చూపించరు. నాకు ఆ ఫైలు మీదే గౌరవం ఎక్కువ.

సరిహద్దు దాటితే ఇంకో కథ. ఒడిశాలో నియమగిరి కొండ మీద బాక్సైట్ తవ్వకం విషయంలో 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు గ్రామసభలనే అడగమంది. పన్నెండు గ్రామసభలు పెట్టారు, పన్నెండూ వద్దన్నాయి, ప్రాజెక్టు ఆగింది. తేడా ఎక్కడుందంటే, అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభ మాటకి తీర్పు బలం ఉంది. మన షామియానా సభకి ఆ బలం లేదు. అందుకే మన దగ్గర రికార్డు మీదే ఆధారపడాలి. గోవా ఇనుప గని కేసులో 2009లో ఢిల్లీ హైకోర్టు, సభలో వచ్చిన అభ్యంతరాల్ని, అనుమతి ఇవ్వొచ్చో లేదో చూసే నిపుణుల కమిటీ పరిశీలించి, ఎందుకు ఒప్పుకోలేదో కారణాలు రాయాలని చెప్పింది. అంటే మినిట్స్‌లో అభ్యంతరం ఉంటేనే కమిటీ కారణం చెప్పాల్సిన అవసరం వస్తుంది. మైకులో చెప్పి వదిలేస్తే రాదు.

అసలు సభే లేకుండా పోయేవీ ఉన్నాయి. అనుమతి ఉన్న పారిశ్రామిక పార్కు లోపల పెట్టే ఫ్యాక్టరీలకి ఈ సేకరణ అక్కర్లేదు. పార్కు చుట్టుపక్కల ఊళ్ళకి లోపల కొత్తది ఏం వచ్చిందో వాసన వచ్చాకే తెలుస్తుంది. 2006 నోటిఫికేషన్ స్థానంలో పెట్టాలని 2020లో కేంద్రం తెచ్చిన కొత్త ముసాయిదా అయితే ముప్పై రోజుల గడువుని ఇరవైకి తగ్గిస్తానంది. పైగా ఆ ముసాయిదాని ఇంగ్లీషు, హిందీల్లోనే విడుదల చేశారు. రాజ్యాంగం గుర్తించిన ఇరవైరెండు భాషల్లోకి అనువదించమని జూన్ 30న ఢిల్లీ హైకోర్టు చెప్పాల్సొచ్చింది. మనం ఏం కోల్పోబోతున్నామో మన భాషలో చెప్పమని కోర్టుకి వెళ్ళాల్సి రావడం ఏమిటో!

ఇక వీడియో సంగతి. సమాచార హక్కు చట్టం సమాచారం అంటే కాగితం మాత్రమే అనలేదు. సెక్షన్ 2(జె)లో టేపులు, వీడియో క్యాసెట్ల రూపంలో కూడా తీసుకోవచ్చని పేరు పెట్టి రాసింది. కాబట్టి సభ అయ్యాక మినిట్స్ కాపీ, హాజరు జాబితా, వీడియో కాపీ మూడూ అడుగుతూ దరఖాస్తు పెట్టండి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామస్థాయి కార్యాలయాల్లో దరఖాస్తుకి రుసుము లేదు, మండలస్థాయిలో అయిదు రూపాయలు, ఆ పైన పది. ముప్పై రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే మొదటి అప్పీలు అదే ఆఫీసులో పై అధికారికి. మీరు మాట్లాడిన మాట మినిట్స్‌లో లేదు, వీడియోలో ఉంది అనుకోండి, ఆ తేడాయే మీ కేసు. నేను ఎవరికీ విడిగా కాపీలు ఇవ్వను, ఇవ్వకూడదు కూడా. అడగాల్సింది ఆఫీసునే.

అనుమతి వచ్చేసిందని తెలియగానే తేదీ రాసుకోండి. కంపెనీ దాన్ని రెండు స్థానిక పత్రికల్లో ప్రకటించాలి. పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కి అప్పీలు ముప్పై రోజుల్లో చెయ్యాలి. సరైన కారణం చూపిస్తే ఇంకో అరవై రోజులు ఇవ్వొచ్చు. తొంభై దాటాక ఎంత న్యాయమైన కేసైనా తలుపు మూసేస్తారు. మన బెంచి చెన్నైలో ఉంది, కాగితాలన్నీ ఇంగ్లీషులో కావాలి. ఈ రెండిటివల్లే చాలా ఊళ్ళు ఆగిపోతాయి. అందుకే లాయరుని సభకి ముందే వెతుక్కోమని మా వాడికి చెప్పాను. "ఇంకా సభే అవలేదు కదా అన్నయ్యా" అన్నాడు. అవలేదు కాబట్టే.

అప్పీలు కుదరకపోయినా అనుమతి ఉత్తరం దాచుకోండి. అందులో షరతులు ఉంటాయి: ఇంత నీరే తోడాలి, పొగ గొట్టం ఇంత ఎత్తుండాలి, చుట్టూ చెట్లు నాటాలి. వాటిని ఎలా పాటిస్తున్నారో ఏటా జూన్ 1కి, డిసెంబర్ 1కి కంపెనీ నివేదిక ఇవ్వాలి, ఆ నివేదికలు ఎవరైనా చూడదగ్గ పత్రాలు. మా వాడి ఊళ్ళో ఆ ఇంగ్లీషు పుస్తకం చదవడానికి డిప్లొమా చదువుతున్న ఇద్దరమ్మాయిలు దొరికారట. రేపు కలెక్టరాఫీసుకి వెళ్తున్నారు. జిరాక్సు డబ్బులు నేను పంపాను.