ఇంకా వెతకని చోటు

అప్పాలకి పాకం ఎంత ముదరాలో అందరికీ తెలుసు. స్వామికి తమలపాకుల దండ ఎలా గుచ్చాలో తెలుసు. ఏ సర్గ చదివితే ఏ కోరిక తీరుతుందో చెప్పే పట్టీ ప్రతివాళ్ళ ఫోన్లోనూ ఉంది. తీరా "పారాయణ ఎప్పుడు మొదలుపెడుతున్నారండీ?" అనడిగితే మాత్రం "మనసు కుదరడం లేదండీ, కుదిరాక చూద్దాం" అంటారు. సుందరకాండ చదవడానికి మనసు కుదరాలిట! అందులో హనుమంతుడికి కుదిరిందా?

పన్నెండో సర్గలో ఈ శ్లోకం మనకి కంఠతా వచ్చు.

అనిర్వేదః శ్రియో మూలమనిర్వేదః పరం సుఖమ్
అనిర్వేదో హి సతతం సర్వార్థేషు ప్రవర్తకః

దిగులుపడి చతికిలబడకపోవడమే సిరికి మూలం, అదే సుఖం, ఏ పనికైనా మనిషిని కదిలించేది అదే అని స్వామి తనకు తాను చెప్పుకున్న మాట. దీన్ని పటం కట్టించుకుని గోడకి తగిలిస్తాం. ఆ తర్వాత ఏమైందో చూడం.

ఆ మాట అనుకుని స్వామి మళ్ళీ వెతికాడు. రావణుడి అంతఃపురంలో నాలుగు వేళ్ళ మేర చోటు కూడా వదల్లేదంటాడు వాల్మీకి. సీతమ్మ కనపడలేదు. పదమూడో సర్గకొచ్చేసరికి పోయిందనుకున్న దిగులు రెండింతలై కూర్చుంది. ఉత్తచేతులతో వెళ్ళి చెబితే రాముడు బతకడు, ఆయన లేకపోతే లక్ష్మణుడు, ఆపైన భరతుడు, శత్రుఘ్నుడు, తల్లులు, సుగ్రీవుడు, రుమ, తార, అంగదుడు... ఒక్కొక్కరినీ లెక్కపెట్టుకుంటూ పోయాడు. అగ్నిలో పడనా, నీళ్ళలో దూకనా, చేతిలోకి వచ్చింది తింటూ ఏ చెట్టుకిందో వానప్రస్థుణ్ణైపోనా అనుకున్నాడు. నూరు యోజనాలు దాటొచ్చినవాడు!

మా పారాయణ బృందంలో ఒకావిడ ఈ సర్గ వస్తే గబగబా చదివేస్తుంది, అశుభం అని. నాకు మాత్రం 68 సర్గల్లో ఇదే ప్రాణం. శ్లోకం చెప్పుకున్నంత మాత్రాన స్వామికే దిగులు పోలేదు కదా, ఇక మనమెంత?

ఆ దిగుల్లోనే చూపు పెద్ద పెద్ద చెట్లున్న అశోకవనం మీద పడింది. "న హీయం విచితా మయా". దీన్ని నేనింకా వెతకలేదే! "నమోస్తు రామాయ సలక్ష్మణాయ" అని దణ్ణం పెట్టుకుని, పద్నాలుగో సర్గ మొదట్లో ప్రాకారం మీదికి దూకాడు. 'సంహృష్టసర్వాంగః', ఒళ్ళంతా పులకించింది, అనే మాట మహర్షి ఎక్కడ వేశాడో పుస్తకం తీసి చూడండి. దూకిన తర్వాతి శ్లోకంలో, స్వామి గోడ మీద ఉన్నప్పుడు వేశాడు. పులకింత వచ్చాక దూకుదామని కూర్చుని ఉంటే అమ్మ ఇంకా ఆ చెట్టుకిందే ఉండేది.

కుదరని మనసుతోనే రండమ్మా. ఆవలింతలతో చదవండి, చిరాకుతో చదవండి, స్వామి ఏమీ అనుకోడు.

నాదీ చెబుతాను. అమ్మ నగల దగ్గర మాటామాటా వచ్చి చెల్లికీ నాకూ మూడేళ్ళు మాటల్లేవు. దాని మనసు మార్చమని సంకల్పం చెప్పుకుని ఏడు రోజుల పారాయణ పట్టాను. రెండోరోజు "నేనింకా వెతకలేదే" అన్న ఆ మాట దగ్గరే గొంతు ఆగిపోయింది. గుళ్ళు తిరిగాను, జాతకం చూపించాను, పెద్దమ్మతో రాయబారం పంపాను. వెతకనిది రెండు వీధుల అవతలున్న చెల్లి గుమ్మం ఒక్కటే.

పుస్తకం మూసి, దీపంలో నూనె పోసి, నైవేద్యం పెట్టిన అరటిపళ్ళు నాలుగు సంచిలో వేసుకుని బయల్దేరాను. కోపం ఎక్కడికీ పోలేదు, నాతోనే నడిచింది. సందు మలుపులో రెండుసార్లు వెనక్కి తిరిగాను. బెల్లు నొక్కేటప్పటికి నోరెండిపోయింది.

తలుపు తీసి నన్ను చూసింది. ఏం అనాలో దానికీ తెలియలేదనుకుంటా. "పాలు పొంగిపోతాయక్కా, లోపలికి రా" అంటూ వంటింట్లోకి పరిగెత్తింది.

నగల సంగతి ఇప్పటికీ తేలలేదు. పారాయణ రోజుల్లో అప్పాలకి పాకం మాత్రం అదే పడుతోంది, నాకంటే బాగా.