మెట్ల గోడ మీద పగులు, డాబా మీద సెన్సర్

పక్క స్థలంలో అపార్ట్‌మెంటు కోసం సెల్లార్ తవ్వడం మొదలుపెట్టిన మూడో వారం మా మెట్ల గోడ మీద ఏటవాలుగా సన్నటి పగులు కనిపించింది. మాది విజయవాడ మధురానగర్‌లో పాత జీ ప్లస్ టూ ఇల్లు. బిల్డర్ వచ్చి చూసి, "పాత ఇళ్లకి ఇవి మామూలేనండీ" అనేసి వెళ్లాడు. ఈసారి అంకెలు చూపించి అడగాలని నాకు పంతం పట్టింది.

ఎంపీయూ 6050 అని రెండు మూడు వందలకే దొరికే సెన్సర్ కొన్నాను. మూడు దిక్కుల్లోనూ కదలికని కొలుస్తుంది. ఈఎస్‌పీ 32 అనే చిన్న వైఫై కంప్యూటర్ బోర్డుకి కలిపి, డాబా పిట్టగోడకి డబుల్ టేపుతో అంటించాను. సెకనుకు 100 రీడింగులు. గ్రాఫ్ చూస్తే అంతా గందరగోళం, 48 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 48 ఊపుల దగ్గర మాత్రం నిటారుగా ఒక గీత. ఇల్లు కూలిపోతుందేమోనని హడలిపోయాను. తీరా చూస్తే అది మా నీళ్ల మోటారు. నిమిషానికి 2880 చుట్లు, లెక్క సరిపోయింది!

మా మావయ్య రిటైరైన సివిల్ ఇంజినీరు. చూసి తిట్టాడు. "ఏరా, పిట్టగోడ ఊగితే ఇల్లు ఊగినట్టా? పిల్లర్ తల మీద ఎపాక్సీతో అతికించు." భూకంపాలకి తట్టుకునేలా ఇళ్లు కట్టడానికి మన దేశంలో వాడే ప్రమాణం ఐఎస్ 1893. దాని ఫార్ములాలో మా ఇంటి పది మీటర్ల ఎత్తు, తొమ్మిది మీటర్ల వెడల్పు వేసి, ఒక ఊపుకి 0.3 సెకను, అంటే 3.3 హెర్ట్జ్ అన్నాడు. ఇటుక గోడల బిగువు వల్ల అసలుది ఇంకాస్త ఎక్కువే ఉండొచ్చట.

కానీ మామూలప్పుడు ఇల్లు ఊగేది ఎంతనీ? ఈ చవక చిప్పు సొంత గోలలోనే అది మునిగిపోతుంది. అర్ధరాత్రి గూడ్సు బండి వెళ్లినప్పుడే అసలు గీత తేలింది: 4.1 హెర్ట్జ్. అప్పటినుంచి రోజూ బండి కోసం మేలుకోవడమే నా పని.

పది రోజులకి 4.0 అయింది. మావయ్య చెప్పిన లెక్కలో, ఇల్లు దెబ్బతిని బిగువు పది శాతం తగ్గితే ఫ్రీక్వెన్సీ, అంటే సెకనుకి ఊపుల లెక్క, ఐదు శాతమే తగ్గుతుంది. మరి నాది అప్పుడే రెండు శాతం పైన పడింది. టెన్షన్‌తో అమ్మని లేపాను. "సాయంత్రమే కదరా ట్యాంకు నింపింది. నిన్నటిదాకా అడుగంటే ఉంది" అంది అమ్మ నిద్రమత్తులోనే. పదివేల లీటర్ల ట్యాంకు. ఇంటి నెత్తిన పది టన్నులు! బరువు పెరిగితే ఊపు నెమ్మదిస్తుంది కదా.

ఇప్పుడు ప్రతి రీడింగు పక్కనా ట్యాంకులో నీళ్లెంతో రాస్తున్నాను. నీళ్లు ఒకే మట్టానికి ఉన్న రోజుల్ని పోల్చితే మార్పు లేదు. అయినా మావయ్యకి తృప్తి లేదు. పునాది ఒకవైపు కుంగితే ఈ అంకె కదలకపోవచ్చంటాడు. పగులు మీద అడ్డంగా ఒక గాజు ముక్క పెట్టి, రెండు చివర్లా సిమెంటుతో అతికించి తేదీ రాశాడు. పగులు పెరిగితే గాజు విరుగుతుంది. దానికి వైఫై కూడా అక్కర్లేదు.

పొద్దున్నే కాఫీ గ్లాసుతో వెళ్లి ముందు గాజునే చూస్తున్నాను. ఇంకా విరగలేదు.