మాయను పాథాలజీకి పంపాక: నా అనుభవం

నెలలు నిండాక ఉమ్మనీరు పోయింది కానీ నొప్పులు చాలాసేపటిదాకా మొదలవలేదు. ఈలోపు నాకు జ్వరం వచ్చింది. కడుపులో బిడ్డ గుండె వేగం కూడా పెరిగింది. ఇన్ఫెక్షన్ కావచ్చని యాంటీబయోటిక్స్ మొదలుపెట్టారు. డెలివరీ అయ్యాక బిడ్డ రక్తం కల్చర్‌కు (క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్షకు) తీశారు, మాయను (ప్లాసెంటాను) పాథాలజీకి, అంటే ముక్కలు తీసి మైక్రోస్కోపులో చూసే విభాగానికి పంపారు. మాయకు కూడా పరీక్ష ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

కల్చర్‌లో ఏమీ పెరగలేదు. బిడ్డ హుషారుగా పాలు తాగుతోంది కాబట్టి మందులు ఆపేసి ఇంటికి పంపారు. మాయ రిపోర్టు మాత్రం ఆలస్యమైంది. మాయను పాడవకుండా ఫార్మలిన్ ద్రవంలో ఉంచి, పొరల నుంచి, బొడ్డుతాడు నుంచి, మధ్యభాగం నుంచి ముక్కలు తీసి, పల్చగా కోసి రంగు వేసి చూడాలట.

తీరా వచ్చిన రిపోర్టులో 'అక్యూట్ కోరియోఅమ్నియోనైటిస్' (బిడ్డ చుట్టూ ఉండే పొరల్లో వాపు) అని ఉంది. నెట్‌లో వెతికాక టెన్షన్ ఇంకా పెరిగింది. కింద మరో రెండు ముక్కలు రాశారు: తల్లి వైపు స్పందన స్టేజ్ 2, శిశువు వైపు స్పందన లేదు. అవేమిటో చెప్పేవాళ్లు లేరు. ఇలాంటి కాగితం చేతిలో పెట్టి పంపేయడం నాకు అస్సలు నచ్చలేదు. పట్టుబట్టి పాథాలజీ డాక్టర్ గారిని కలిశాను.

మాయలో ఇద్దరి రోగనిరోధక కణాలూ ఉంటాయని ఆవిడ మొదలుపెట్టారు. గర్భాశయం వైపు పొరలోనూ, విల్లై (మాయలో వేళ్లలా ఉండే సన్నటి భాగాలు) చుట్టూ పారే రక్తంలోనూ ఉండేవి తల్లివి. విల్లై లోపల ఉండే హాఫ్‌బాయర్ కణాలు బిడ్డవి. ఇవి ఒక రకం మాక్రోఫేజ్‌లు (క్రిములను మింగేసే కణాలు), గర్భం మొదలైన కొన్ని వారాలకే కనిపిస్తాయి. నాలాంటి కేసుల్లో క్రిములు సాధారణంగా గర్భాశయ ముఖం గుండా పైకి వస్తాయి. వాటిని పసిగట్టిన కణాలు రసాయన సంకేతాలు వదులుతాయి. దాంతో తల్లి రక్తంలోని న్యూట్రోఫిల్స్ (క్రిములతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు) బయటికొచ్చి ఉమ్మనీటి వైపు కదులుతాయి. అవి కోరియాన్ (బయటి పొర) దగ్గర ఆగితే స్టేజ్ 1, అమ్నియాన్ (ఉమ్మనీటిని తాకే లోపలి పొర) దాకా వస్తే స్టేజ్ 2, ఆ పొర కణాలే చచ్చిపోతుంటే స్టేజ్ 3. బిడ్డ శరీరం కూడా స్పందిస్తే బిడ్డ న్యూట్రోఫిల్స్ బొడ్డుతాడు రక్తనాళాల గోడల్లోకి చేరతాయి. ముందు సిరలో, తర్వాత ధమనుల్లో. ఇలా రెండు వైపులా స్టేజీలు రాసే పద్ధతిని ఆమ్‌స్టర్‌డామ్ వర్గీకరణ అంటారు, 2016లో ప్రచురించారు.

"మరి ఆ కణం నాదో బిడ్డదో ఎలా తెలుస్తుంది మేడమ్?" అన్నాను.

"చూడ్డానికి రెండూ ఒకటే అమ్మా. ఏ రక్తనాళంలోంచి వచ్చింది, ఎక్కడుంది అన్నదాన్ని బట్టే చెబుతాం," అని స్లైడ్ పెట్టి చూపించారు. పొరల్లో ఊదారంగు చుక్కలు గుంపులుగా ఉన్నాయి. దగ్గరగా చూస్తే ఒక్కోదాని కేంద్రకం రెండు మూడు ముక్కలుగా కనిపించింది. బొడ్డుతాడు స్లైడ్‌లో నాళాల గోడలు శుభ్రంగా ఉన్నాయి. అప్పటికి గానీ నా గుండెదడ తగ్గలేదు. ఇది మంచి సూచనే కానీ, రిపోర్టు కంటే బిడ్డ ఎలా ఉందన్నదే ముఖ్యమని ఆవిడ అన్నారు.

మళ్లీ గర్భం వస్తే ఇలాగే అవుతుందా అని అడిగాను. తప్పనిసరిగా అవ్వాలని లేదన్నారు. తర్వాతి గర్భంలో తిరగబెట్టే అవకాశం ఉన్నది వేరే, దాన్ని విల్లైటిస్ అంటారు. అందులో విల్లైలోకి తల్లి టి-లింఫోసైట్లు (ఇంకో రకం తెల్ల రక్తకణాలు) చొరబడతాయి, చాలాసార్లు క్రిమి ఏదీ దొరకదు. నా స్లైడ్లలో అది లేదు. అయినా రిపోర్టు కాపీ ఒకటి నా ఫైల్లో, ఇంకొకటి బిడ్డ ఫైల్లో పెట్టుకోమన్నారు.